తాత్కాలిక మార్పుకి ఆఖరి తేదీ ఎవరు రాయాలి?

(చర్లపల్లి పారిశ్రామికవాడలో చిన్న, మధ్యతరహా యూనిట్ల ఇంజినీర్లు, సూపర్‌వైజర్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నాకు మైకిచ్చారు. కళ్ళు మూతలు పడేవాళ్ళు వెనక వరసలోకి వెళ్తే నాకేం అభ్యంతరం లేదండి. విషయం మాత్రం మీ అందరి బల్లల మీదా ఈ పూట పెండింగ్‌లో ఉన్నదే. టెంపరరీ చేంజ్ రిక్వెస్ట్. కొన్ని కంపెనీల్లో డీవియేషన్ అంటారు, కొన్నిచోట్ల కన్సెషన్ నోట్ అంటారు. పేరేదైనా లోపల ఉండే మాట ఒకటే: "డ్రాయింగ్‌లో ఒకటుంది, మా దగ్గర ఇంకోటి ఉంది, ప్రస్తుతానికి దీంతో కానిచ్చేద్దాం."

ఆ మాట అనడం తప్పని నేను చెప్పను. బార్ రాదు, గేజి కింద పడి విరుగుతుంది, ఫర్నేస్ ఆగిపోతుంది, నెలాఖరు మాత్రం ఆగదు. "మా ఫ్యాక్టరీలో డీవియేషన్లే లేవండీ" అని గర్వంగా చెప్పేవాళ్ళు అప్పుడప్పుడు కలుస్తుంటారు. వాళ్ళ దగ్గర డీవియేషన్లు లేకపోవడం కాదు, రాయడం లేదంతే. రాసేవాడి దగ్గర నాకు ధైర్యంగా ఉంటుంది.

నా గొడవంతా వేరే. మనవాళ్ళు అనుమతి సంపాదించడం మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా దాన్ని ముగించడం మీద పెట్టరు. సంతకాల కోసం ఫారం పట్టుకుని మేడ మీదికీ కిందికీ పరిగెడతారు. సంతకాలు పడగానే ఆ ఫారం ఫైల్లోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ తెరిచేది ఆడిటరే. ఆ ఫారంలో అన్నిటికంటే ముఖ్యమైన గడి సంతకాల గడి కాదని నా అభిప్రాయం. "ఎప్పటిదాకా, ఎన్ని ముక్కలకి" అన్న గడి. దాని సంగతికి వద్దాం. ముందు రివ్యూ ఎలా జరుగుతోందో చూద్దాం, ఎందుకంటే అక్కడే సగం పాడవుతోంది.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. మీలో చాలామంది చేసే పనే. ఒక షాఫ్టు. డ్రాయింగ్‌లో మెటీరియల్ ఈఎన్8 అనే ఉక్కు రకం. బార్ కొంటాం, టర్నింగ్ చేస్తాం, బయట ఇండక్షన్ హార్డెనింగ్‌కి, అంటే కరెంటు కాయిల్లో వేడిచేసి చల్లార్చి పైపొరని గట్టిపరచడానికి, పంపుతాం, తిరిగొచ్చాక గ్రైండింగ్ చేసి కస్టమర్‌కి పంపుతాం. ఈ నెల ఈఎన్8 రాలేదు. స్టోర్స్‌లో అదే సైజులో సీ45 అనే ఇంకో ఉక్కు ఉంది, వేరే పార్టు కోసం తెప్పించింది. పర్చేజ్ ఆయన ఫారం నింపాడు. "ఈఎన్8 బదులు సీ45 వాడుటకు అనుమతి కోరడమైనది. కారణం: మెటీరియల్ కొరత." దాని కింద ఒక వాక్యం చేర్చాడు: "సీ45 ఇంకా బలమైనది కనుక నాణ్యతపై ప్రభావం లేదు."

ఆ ఆఖరి వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఈఎన్8లో కార్బన్ 0.36 నుంచి 0.44 శాతం ఉంటుంది. సీ45లో 0.42 నుంచి 0.50 దాకా. చూడ్డానికి చిటికెడు తేడా. టర్నింగ్ మెషీన్‌కి ఆ తేడా తెలియను కూడా తెలియదు. కానీ షాఫ్టు ఇండక్షన్ కాయిల్లోకి వెళ్ళాక కథ మారుతుంది. అక్కడ పవరు, షాఫ్టు కదిలే వేగం, క్వెంచ్‌లో, అంటే వేడి ముక్కని చల్లార్చే ద్రవంలో, పాలిమర్ శాతం, అన్నీ ఈఎన్8 కోసం సెట్ చేసి పెట్టినవి. కార్బన్ పెరిగితే అదే సెట్టింగ్‌లో గట్టిదనం పెరుగుతుంది, దాంతోపాటే క్వెంచ్‌లో పగిలే గుణమూ పెరుగుతుంది. కీవే గాడి మూలల్లో, ఆయిల్ హోల్ అంచున వెంట్రుకవాసి పగులు వస్తుంది. కంటికి కనపడదు, వెర్నియర్‌కి దొరకదు. అయస్కాంతంతో, ఇనుప పొడితో పగుళ్ళు పట్టే మాగ్నెటిక్ పార్టికల్ టెస్టు చేస్తేనే బయటపడుతుంది. ఈ పార్టు కంట్రోల్ ప్లాన్‌లో, అంటే చేయాల్సిన తనిఖీల పట్టికలో, ఆ టెస్టు లేదు, ఎందుకంటే ఈఎన్8తో ఎప్పుడూ అవసరం పడలేదు.

ఇప్పుడా ఫారం మీద సంతకాలు ఎవరెవరివి? పర్చేజ్, ప్రొడక్షన్, క్వాలిటీ. ముగ్గురూ పనిమంతులే. హీట్ ట్రీట్‌మెంట్ చేసే వెండరుని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన మన హాజరు పట్టీలో లేడు కదా! ఆయనకి చేరేది చలాను. చలాను మీద పార్టు నంబరు పాతదే. ఆయన పాత సెట్టింగే పెడతాడు. ఆయన తప్పేముంది?

అందుకే నేను రివ్యూ చేసేటప్పుడు డిపార్టుమెంట్ల లిస్టు చూడను, ముక్క ఏ పని తర్వాత ఏ పనికి వెళ్తుందో రాసిన రూట్ కార్డు చూస్తాను. మార్పు ఏ ఆపరేషన్ దగ్గర మొదలైందో అక్కడ వేలు పెట్టి, కస్టమర్ దగ్గర అసెంబ్లీ అయ్యేదాకా కిందికి దింపుకుంటూ వెళ్తాను. ప్రతి గీత దగ్గర ఒకే ప్రశ్న: "నీ చేతికి ఇలాంటి ముక్క వస్తోంది, నీకేమైనా మారుతుందా?" పావుగంట పని. ఫోన్లలోనే అయిపోతుంది. ఈ పావుగంట పెట్టకుండా ముగ్గురు మేనేజర్ల చేత గుండ్రంగా సంతకాలు పెట్టిస్తే ఎవరో ఒకరు చూసే ఉంటారన్న భ్రమ ముగ్గురికీ కలుగుతుంది. ప్రొడక్షన్ వాడు క్వాలిటీ చూసుంటుందనుకుంటాడు. క్వాలిటీ వాడు ప్రొడక్షన్ సంతకం ముందే పడింది కదా అనుకుంటాడు.

అదే రిక్వెస్టుని సరిగ్గా రాస్తే ఎలా ఉంటుందో చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఫలానా హీట్ నంబరు, అంటే ఉక్కు కరిగించిన బ్యాచి నంబరు, ఉన్న సీ45 బారు. 400 ముక్కలు మాత్రమే. ముందు కొన్ని ముక్కలు హార్డెనింగ్ చేయించి, కోసి, పైనుంచి లోపలికి హార్డ్‌నెస్ ఎలా దిగుతోందో చూసిన రిపోర్టు జత. వెండరు సెట్టింగ్ ఏం మార్చాడో ఆయన సంతకంతో. ఈ లాట్ వరకు నూటికి నూరు మాగ్నెటిక్ పార్టికల్ టెస్టు. ట్రేలకి పసుపు ట్యాగు, చలాను మీద డీవియేషన్ నంబరు. మెటీరియల్ గ్రేడు కస్టమర్ డ్రాయింగ్‌లోది కాబట్టి కస్టమర్ లిఖితపూర్వక అనుమతి, అది వచ్చాకే మొదటి బారు కోత. 400 అయిపోయినా, ఫలానా తేదీ వచ్చినా, ఏది ముందైతే అప్పుడు అనుమతి చెల్లదు. మిగిలిన సీ45 స్టోర్స్‌లో పాత చోటికి వెళ్ళిందని స్టోర్స్ వాడి సంతకం.

ఈ ఆఖరి సంతకం చూసి కొందరు నవ్వుతారు. కానీ ఆ మిగిలిన నాలుగు బార్లే తర్వాతి నెల లాట్‌లో కలిసిపోతాయండి. చేత్తో పట్టుకుంటే ఈఎన్8కీ సీ45కీ తేడా తెలిసే మనిషి ఇంకా పుట్టలేదు.

కన్సెషన్ మాటెత్తాను కాబట్టి ఒక్క ముక్క. నాణ్యత మాటల అర్థాలు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9000 లెక్కలో ముక్క తయారవకముందు అడిగేది డీవియేషన్ పర్మిట్. తయారయ్యాక, తేడా వచ్చిందని తెలిశాక, "వాడుకోవచ్చా" అని అడిగేది కన్సెషన్. మన ఫ్యాక్టరీల్లో రెంటికీ ఒకే ఫారం ఉంటుంది. ఉంటే ఉండనివ్వండి, కానీ పైన టిక్ పెట్టే చోటు వేరుగా ఉండాలి. లేకపోతే ఆదివారం తయారైపోయిన ముక్కలకి సోమవారం డీవియేషన్ పుడుతుంది, శనివారం తేదీతో. నవ్వుతున్నారు. అంటే మీ దగ్గరా జరుగుతోందన్నమాట.

ఇక ఇంగ్లండ్ వెళ్దాం. ఫ్లిక్స్‌బరో. 1974. మార్పుల నిర్వహణ గురించి ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఆ ఊరి పేరు వస్తుంది. నైలాన్‌కి ముడిసరుకైన కాప్రోలాక్టమ్ తయారుచేసే ప్లాంటు అది. అందులో ఆరు రియాక్టర్లు వరసగా, ఒకదానికంటే ఒకటి కాస్త పల్లంగా ఉంటాయి. లోపల సుమారు 155 డిగ్రీల వేడిలో, ఒత్తిడి కింద, సైక్లోహెక్సేన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి పారుతూ ఉంటుంది. మార్చి 27న అయిదో రియాక్టరుకి నిలువునా పగులు కనిపించింది. దాన్ని తీసి పక్కన పెట్టేసి, నాలుగునీ ఆరునీ ఒక తాత్కాలిక పైపుతో కలిపి, ప్లాంటు మళ్ళీ నడపాలని నిర్ణయించారు.

రియాక్టర్ల మధ్య ఉన్న ద్వారాలు 28 అంగుళాలవి. అంత పైపు దగ్గర లేదు. ఉన్నది 20 అంగుళాల పైపు. నాలుగు ఎత్తులో, ఆరు పల్లంలో ఉన్నాయి కాబట్టి పైపుని రెండుచోట్ల వంచి వెల్డింగ్ చేశారు. రెండు చివర్లా ముడతలు ముడతలుగా ఉండే బెలోస్ బిగించారు. ఆ పైపుకి డ్రాయింగ్ ఏదంటే, వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ. అంతే. కింద ఆసరాకి పరంజా గొట్టాలు. అలా వంగిన పైపులో ఒత్తిడి పెడితే మలుపుల దగ్గర ఏ బలం ఎటు తోస్తుందో లెక్క కట్టినవాళ్ళు లేరు. అసలు ఆ సమయంలో ఆ లెక్క కట్టగల అర్హత ఉన్న మెకానికల్ ఇంజినీరు ప్లాంటులో లేడు. వర్క్స్ ఇంజినీరు మానేసి వెళ్ళిపోయాడు, ఆ కుర్చీ ఖాళీ. మిగిలినవాళ్ళు కెమికల్, ఎలక్ట్రికల్ వాళ్ళు. తమకు తెలియదన్న సంగతి కూడా తమకు తెలియని స్థితి.

ఏప్రిల్ 1న ప్లాంటు మొదలైంది. జూన్ 1, శనివారం సాయంత్రం, అయిదు కాబోతుండగా ఆ పైపు ఊడిపోయింది. ఆవిరి మేఘం లేచి, అంటుకుని, పేలింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో 18 మంది కంట్రోల్ రూములోనే. శనివారం కావడంతో ఆఫీసు బిల్డింగులో జనం లేరు. లేకపోతే ఈ సంఖ్య చెప్పడానికి నోరు రాదు.

ఈ కథ మీలో కొందరు వినే ఉంటారు. దీంట్లో మనవాళ్ళు సాధారణంగా చెప్పని భాగం ఒకటుంది, నాకు అదే ముఖ్యం. అసలు అయిదో రియాక్టరు ఎందుకు పగిలింది? అంతకుముందు అక్కడ చిన్న లీకు ఉండేది. లీకైన ఆవిరిని పలచన చేయడానికి దాని మీద ప్లాంటు కూలింగ్ వాటర్ పోసేవారు. ఆ నీళ్ళలో నైట్రేట్లు ఉన్నాయి. నీళ్ళు ఆవిరై, నైట్రేట్లు ఉక్కు మీద మిగిలి, దాన్ని బయటినుంచి కొరికాయి. అంటే లీకుకి నీళ్ళు పోయడం ఒక తాత్కాలిక ఏర్పాటు. దానివల్ల వచ్చిన పగులుకి బైపాస్ పైపు ఇంకో తాత్కాలిక ఏర్పాటు. మొదటిదాన్ని మార్పు అని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే గొట్టం పెట్టి నీళ్ళు పోయడానికి ఫారం ఎవరు నింపుతారు? పగులు ఎందుకొచ్చిందో తేలకముందే మిగిలిన అయిదూ నడిపారు. ఆ మీటింగుల్లో అందరి దృష్టీ "ఎప్పుడు స్టార్ట్ చేద్దాం" మీదే ఉంది.

మన షాఫ్టు కథలోనూ అంతే. ఈఎన్8 ఎందుకు రాలేదు? ఆ ప్రశ్నకి ఫారంలో గడి ఉండాలి. "మెటీరియల్ కొరత" జవాబు కాదు. వెండరుకి డబ్బు కట్టలేదా, ఆర్డరు ఆలస్యంగా పెట్టామా, సైజు దొరకడం మానేసిందా? కారణం తేలకపోతే వచ్చే నెల అదే ఫారం మళ్ళీ వస్తుంది.

ఫ్లిక్స్‌బరో లాంటి ప్రమాదాలు చూసిన తర్వాతే రసాయన పరిశ్రమలో మార్పుల నిర్వహణ ఒక పద్ధతిగా స్థిరపడింది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1992లో తెచ్చిన ప్రాసెస్ సేఫ్టీ నిబంధనలో మార్పు చేసేముందు పరిశీలించాల్సినవి రాశారు: సాంకేతిక ఆధారం ఏమిటి, భద్రత మీదా ఆరోగ్యం మీదా ప్రభావమేమిటి, పని పద్ధతుల్లో ఏం మారాలి, ఎంత కాలానికి, ఎవరి అనుమతితో. గమనించారా, "ఎంత కాలానికి" అన్నది చట్టంలోకే ఎక్కింది.

మనకి దగ్గర్లో కూడా ఉంది. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. కారణాలు చాలా ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసినవాటిలో ఒకటి, ఆ ట్యాంకులో ద్రవం తిరిగే పైపింగ్‌ని 2019 డిసెంబరులో మార్చడం. దానివల్ల ట్యాంకులో పైపొర సరిగా కలవలేదు, చల్లబడలేదు. ఒక ట్యాంకుకి పైపు మార్పు, అంతే. ఎవరైనా వింటే పెద్ద విషయమనుకోరు.

సరే, మన ఆటో విడిభాగాల వాళ్ళ దగ్గరికి వద్దాం. మీలో ఆటో పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఐఎటిఎఫ్ 16949 సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 2016 ఎడిషన్‌లో 8.5.6.1.1 అని ఒక క్లాజు ఉంది. ప్రాసెస్ కంట్రోల్స్‌లో తాత్కాలిక మార్పుల గురించి. నాకు ఈ ప్రమాణంలో చాలా క్లాజులు విసుగ్గానే ఉంటాయి. ఇది మాత్రం షాప్ ఫ్లోర్ మీద నిలబడ్డవాడెవడో రాసినట్టుంటుంది.

ఉదాహరణకి మీ లైన్లో ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ ఉంది. సర్‌క్లిప్ అనే బిగింపు రింగు లేకుండా ముక్క ముందుకు పోకుండా ఆపుతుంది. రాత్రి షిఫ్టులో అది పాడైంది. మెయింటెనెన్స్ వాడు ఏం చేస్తాడు? ప్యానెల్ తెరిచి సెన్సర్‌ని దాటేసేలా ఒక వైరు ముక్కతో జంపర్ వేస్తాడు. లైను నడుస్తుంది. పొద్దున్నకి కొత్త సెన్సర్ వస్తుంది, బిగిస్తారు, జంపర్ తీయడం మర్చిపోతారు. ఇప్పుడు ప్యానెల్ మీద సెన్సర్ దీపం పచ్చగా వెలుగుతుంటుంది, లోపల మాత్రం అది దేన్నీ ఆపడం లేదు. సెన్సర్ లేని రోజు కంటే ఇది ప్రమాదం. లేని రోజు ఆపరేటరు కళ్ళు పెట్టి చూశాడు, ఇప్పుడు దీపాన్ని నమ్ముకుని చూడడం మానేశాడు.

ఆ క్లాజు ఏమంటుందంటే, ఇలా పాడైతే ఏం వాడాలో ముందే లిస్టు రాసిపెట్టుకో. సెన్సర్ పోతే ప్రతి ముక్కనీ ఇద్దరు చూసి మార్కర్‌తో చుక్క పెట్టడం అనుకుంటే, దానికి వర్క్ ఇన్‌స్ట్రక్షన్ ముందే ఉండాలి, రిస్క్ ఎంతో ఎఫ్‌ఎంఈఏలో, అంటే ఏది ఎలా పాడవచ్చో రాసే పట్టికలో, చూసి ఉండాలి, లోపలి అనుమతి ముందే అయి ఉండాలి. అవసరమైతే సరుకు బయటికెళ్ళే ముందు కస్టమర్ అనుమతి. ఆ ప్రత్యామ్నాయం నడుస్తున్నన్నాళ్ళూ కనీసం రోజుకోసారి పై వాళ్ళు వచ్చి చూడాలి, ఎంత త్వరగా అసలు పద్ధతికి వెళ్దామా అన్న ఉద్దేశంతో. ఆ సమయంలో తయారైన ముక్కలేవో తర్వాత పట్టుకునేలా ఉండాలి, దానికి ప్రతి షిఫ్టు మొదటి ముక్కా చివరి ముక్కా దాచిపెట్టడం ఒక పద్ధతి. అసలు సెన్సర్ తిరిగి పెట్టాక, రీస్టార్ట్ వెరిఫికేషన్ చేసి రాసిపెట్టాలి, కొన్నాళ్ళపాటు.

ఆ రీస్టార్ట్ వెరిఫికేషన్ దగ్గర మనవాళ్ళు మంచి ముక్క పెట్టి చూసి "ఓకే" రాసేస్తారు. మంచి ముక్కని జంపర్ కూడా పంపిస్తుంది! చెడ్డ ముక్క పెట్టి చూడాలి. సర్‌క్లిప్ తీసేసిన ముక్కకి ఎర్ర రంగు పూసి, నంబరు వేసి, లైను పక్కనే తాళం పెట్టెలో ఉంచండి. లైను దాన్ని ఆపిందా, అప్పుడు సంతకం పెట్టండి.

మందుల కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉంటే, వాళ్ళకి ఇదంతా చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. అక్కడ "ప్లాన్డ్ డీవియేషన్" అన్న మాట వింటేనే ఆడిటర్లు ముఖం చిట్లిస్తారు. ముందే తెలిసిన తేడా అయితే అది డీవియేషన్ ఎలా అవుతుంది, చేంజ్ కంట్రోల్‌లో పెట్టు అంటారు. వాళ్ళ గొడవ వాళ్ళది, నేను అందులోకి దిగను.

ఇప్పుడు ఆఖరి తేదీ సంగతి. తాత్కాలిక మార్పు అంటే సంక్రాంతికొచ్చిన అల్లుడు. మూడ్రోజులుంటాడని మర్యాద చేస్తాం. తిరుగు ప్రయాణం టికెట్ తీయకపోతే ఉగాదికీ ఇక్కడే ఉంటాడు, ఆ తర్వాత ఆయన్ని వెళ్ళమనే ధైర్యం ఎవరికీ ఉండదు. తేదీ లేని డీవియేషన్ ఆరు నెలలకి అనధికార డ్రాయింగ్ అయిపోతుంది. కొత్తగా చేరిన ఆపరేటరుకి అదే అసలు పద్ధతి. మెషీను పక్కన ప్లాస్టిక్ కవర్లో రంగు వెలిసిన డీవియేషన్ కాపీ వేలాడుతుంటే, ఆ ఫ్యాక్టరీలో ఇంజినీరింగ్ ఎవరి చేతిలో ఉందో నాకర్థమైపోతుంది.

తేదీ ఎవరు రాయాలి? అడిగేవాడు కాదు. అడిగేవాడు ఎప్పుడూ "సమస్య తీరేవరకు" అనే రాస్తాడు. అనుమతిచ్చే వాడు రాయాలి, తన చేతిరాతతో. రాసినవాడికి ఆ రోజు గుర్తుంటుంది. ఇంకా మంచిది, సిస్టంలో రాయండి. మీలో ఈఆర్‌పీ, అంటే ఫ్యాక్టరీ లెక్కల సాఫ్ట్‌వేర్, ఉన్నవాళ్ళు ప్రత్యామ్నాయ మెటీరియల్‌ని బీఓఎంలో (పార్టుకి కావాల్సిన మెటీరియల్ జాబితాలో) పెట్టేటప్పుడు మొదటి తేదీ వేసి, చివరి తేదీ దగ్గర 9999 సంవత్సరం, అంటే ఎప్పటికీ అని, వదిలేస్తారు. దాన్ని వదలకండి. చివరి తేదీ దాటగానే స్టోర్స్ వాడు ఇష్యూ చేయలేకపోవాలి. ఇష్యూ ఆగితే వాడే వచ్చి అరుస్తాడు. ఆ అరుపే మీ రిమైండర్.

ఐఎటిఎఫ్‌లోనే ఇంకో క్లాజు, కస్టమర్ కన్సెషన్ గురించింది, ఇదే చెప్తుంది. అనుమతి గడువో, అనుమతించిన సంఖ్యో రికార్డులో ఉండాలి. గడువు తీరాక పాత స్పెసిఫికేషన్‌కో, దాని స్థానంలో వచ్చిన కొత్తదానికో కచ్చితంగా వెళ్ళాలి. అలా పంపిన సరుకు ఉన్న ప్రతి పెట్టె మీదా ఆ సంగతి రాసి ఉండాలి. ప్రతి పెట్టె మీదా అండీ, లారీకి ఒక కాగితం కాదు.

పొడిగింపు అడుగుతారు. తప్పదు. నా నియమం ఏమిటంటే, మొదటిసారి సంతకం పెట్టినవాడు పొడిగింపుకి సంతకం పెట్టకూడదు. ఒక మెట్టు పైవాడు పెట్టాలి. ప్లాంట్ హెడ్ దాకా వెళ్ళాలంటే చాలామందికి అకస్మాత్తుగా ఈఎన్8 దొరుకుతుంది. మూడోసారి కూడా అదే రిక్వెస్ట్ వచ్చిందంటే, ఇక అది తాత్కాలికం కాదు. డ్రాయింగ్ తప్పయినా అయి ఉండాలి, సప్లయిర్ తప్పయినా అయి ఉండాలి. శాశ్వత మార్పుగా పెట్టండి, పరీక్షలు చేయండి, రివిజన్ మార్చండి. లేదా తిరస్కరించండి. మధ్యలో ఊగించొద్దు.

ఊగిస్తే ఏమవుతుందో నాసా చూపించింది. ఛాలెంజర్ లాంటి స్పేస్ షటిళ్ళ బూస్టర్ రాకెట్ల జాయింట్లలో సీలుగా ఉండే ఓ-రింగులు కాలుతున్నాయని వాళ్ళకి ముందే తెలుసు. 1985 జూలైలో ఆ సమస్య మీద ప్రయోగ నిబంధన పెట్టారు, ఇది తేలేవరకు ఎగరకూడదని. ఆ తర్వాత ప్రతి ప్రయోగానికీ ఆ నిబంధనని సడలిస్తూ పోయారు. రూలూ ఉంది, సంతకమూ ఉంది. 1986 జనవరి 28 వరకూ ఆ సడలింపులు నడిచాయి. ఆ రోజు ఛాలెంజర్ గాల్లోనే ముక్కలై ఏడుగురు పోయారు. ప్రతిసారీ ఏం జరగలేదు కాబట్టి తర్వాతిసారీ ఏం జరగదన్న ధీమా వస్తుంది. మన దగ్గర దాన్ని "ఇన్నాళ్ళూ వెళ్ళింది కదా సార్" అంటారు. ఆ మాట రివ్యూ మీటింగులో ఎవరైనా అంటే మినిట్స్‌లో రాయండి, అన్నవాడి పేరుతో సహా. రెండోసారి అనడు.

అసలు కాగితమే లేకుండా జరిగేవి ఇంకో రకం. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి గాల్లో ఉండగా పక్కన తలుపు ప్లగ్, అంటే వాడని తలుపు చోటుని మూసే పలక, ఊడిపోయింది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. దర్యాప్తులో ఏం తేలింది? బోయింగ్ ఫ్యాక్టరీలో ఆ ప్లగ్ పక్కన రివెట్లు సరిచేయడానికి దాన్ని తెరిచారు. పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు తీశారు. తీసినట్టు రికార్డు లేదు. తీసినట్టే లేనప్పుడు, మళ్ళీ పెట్టారా అని తనిఖీ చేసేవాడెవడు? తీసి పెట్టడం కూడా తాత్కాలిక మార్పే. గార్డు విప్పినా, స్టాపర్ జరిపినా, ఫిక్స్చర్ కింద షిమ్ అనే పలచటి రేకు పెట్టినా.

ఇక ప్రశ్నలేమైనా ఉంటే...

(ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి: రాత్రి రెండింటికి ఎవరూ ఫోను ఎత్తరు సార్. అప్పుడేం చేయాలి?)

మంచి ప్రశ్న, ఇంతసేపూ ఎవరూ అడగలేదేంటా అనుకుంటున్నా. రాత్రి రెండింటికి రెండే దారులు ఉండాలి మీకు. ముందే ఆమోదించిన ప్రత్యామ్నాయాల లిస్టులో ఇది ఉంటే, మీ అంతట మీరు మొదలుపెట్టొచ్చు, ఆ అధికారం మీకు రాతపూర్వకంగా ఉండాలి. లిస్టులో లేకపోతే లైను ఆపాలి. ఆపినందుకు పొద్దున్న మిమ్మల్ని ఎవరూ తిట్టకూడదు. ఇది మీకు కాదు, ముందు వరసలో కూర్చున్న ఓనర్లకి చెప్తున్నాను. ఫోనులో "సరే కానివ్వు" అన్న మాట అనుమతి కాదు. ఎవరైనా ఫోనులో సరే అంటే, అదే మాట మెసేజ్‌గా పెట్టమనండి, లాట్ నంబరుతో, సంఖ్యతో. మెసేజ్ పెట్టడానికి తటపటాయించారంటే వాళ్ళకీ నమ్మకం లేదని. అప్పటిదాకా తయారైన ముక్కలు ఎర్ర ట్రేలో, తాళంలో.

(ఇంకొకరు: కస్టమర్‌కి చెప్తే ఆర్డరు పోతుందని భయమండి. చిన్న యూనిట్ మాది.)

భయం నాకర్థమవుతుంది, ఊరికే ధైర్యం చెప్పి పంపను. కొందరు కస్టమర్లు నిజంగానే ఇబ్బంది పెడతారు, డెబిట్ నోట్ వేస్తారు. కానీ ఎలా రాస్తున్నారన్నది చూడండి. "మెటీరియల్ దొరకలేదు, దయచేసి అనుమతించగలరు" అని రాస్తే అవతలివాడికి మీ చేతకానితనమే కనిపిస్తుంది, వాడు కూడా లోపల ఎవరికో సమాధానం చెప్పుకోవాలి. దాని బదులు వాడి పని మీరే చేసిపెట్టండి. ఫలానా డ్రాయింగ్, ఫలానా రివిజన్, ఏం మారుతోంది, ఎన్ని ముక్కలు, ఏ తేదీ వరకు, ఏ టెస్టులు అదనంగా చేశాం, రిపోర్టు జత, పెట్టెల మీద గుర్తు ఏమిటి, మామూలు సరుకు ఎప్పట్నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఒక్క పేజీ. వాళ్ళ క్వాలిటీ ఇంజినీరు దాన్ని తన మేనేజరుకి అలాగే ఫార్వర్డ్ చేసేలా ఉండాలి. ఇంగ్లీషు బాగా రాకపోయినా ఫరవాలేదు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. నేను వాడే నమూనా పేజీ అక్కడ రిజిస్ట్రేషన్ బల్ల మీద పెట్టించాను, కాపీలు అయిపోతే ఫోటో తీసుకోండి. మిగతావి టీ దగ్గర మాట్లాడుకుందాం.